నేలమాళిగ జబ్బు

పోతులమెట్టలో ఆయుర్వేద వైద్యం చేసే కనకాంబ గారికి ఒక అలవాటు ఉండేది. రోగి తన జబ్బు పేరు తనే చెబితే ఆవిడ చెవిన వేసుకునేవారు కాదు. "వేడి చేసిందండీ" అంటూ ఒకడు వస్తాడు. "పైత్యమండమ్మా" అంటూ ఇంకొకావిడ వస్తుంది. "ఇది వాతమేనండి, మా మావగారిక్కూడా ఇంతే" అని మరొకాయన ఏకంగా తీర్పే చెప్పేస్తాడు. కనకాంబ గారు మందు నూరే చెయ్యి ఆపకుండా, "పేరు నేను పెట్టుకుంటాను గాని, నీకేమవుతోందో చెప్పు నాయనా" అనేవారు. ఇంటి దగ్గర్నుంచి పేరు సిద్ధం చేసుకుని వచ్చిన మనిషి అక్కడ నీళ్లు నమిలేవాడు. నొప్పి ఎప్పుడు ఎక్కువ, ఏం తిన్నాక మొదలు, ఎటు తిరిగి పడుకుంటే తగ్గుతుంది అని ఆవిడ ఓపిగ్గా అడుగుతూ పోతే, ఒక్కొక్క ముక్కా బయటికి వచ్చేది. చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ హస్తవాసి గొప్పదనేవారు. నన్నడిగితే ఆ గొప్ప చేతిలో కంటే చెవుల్లోనే ఎక్కువ ఉంది.

ఆవిడ దగ్గర విరూపాక్షం అనే శిష్యుడు ఉండేవాడు. చురుకైనవాడు. శ్లోకాలన్నీ నోటికి వచ్చు, మూలికలన్నీ చీకట్లో కూడా వాసన చూసి చెప్పగలడు. కషాయం కాచేదీ అతనే, కాచిన గుండిగలు తోమేదీ అతనే. ఇన్నేళ్లయినా ఒక్క రోగిని కూడా ఒంటరిగా చూడనివ్వలేదన్న బాధ మాత్రం అతన్ని లోపల్లోపల తొలిచేస్తోంది. తోటివాళ్లు అప్పుడే తలో ఊళ్లో బోర్డులు కట్టేసుకున్నారు. తను ఇంకా మసి గుండిగలతోనే ఉన్నాడు. ఆ మాట నేరుగా అడిగే ధైర్యం లేక, ఒకరోజు శాస్త్రం మీద పెట్టి అడిగాడు.

"అమ్మగారూ, ఒకే రోగికి ముగ్గురు వైద్యులు మూడు మందులు రాశారనుకోండి. ముగ్గురిలో అబద్ధమాడింది ఎవరని తెలుసుకోవడం ఎలాగండీ? అది తెలిస్తే నాకు ఇంక ఒంటరిగా వైద్యం చెయ్యడానికి బెరుకుండదు."

అతను ఏమడుగుతున్నాడో కనకాంబ గారికి అర్థం కాకపోలేదు. జవాబు చెప్పకుండా, "మన నేలమాళిగలోకి నీళ్లొస్తున్నాయి కదా. బాగు చెయ్యడానికి ఎంతవుతుందో ముగ్గుర్ని పిలిచి కనుక్కో. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ నేలమాళిగ సంగతి కాస్త చెప్పాలి. వైద్యశాల ఉన్నది ఏటవాలు నేల మీద కట్టిన పాతకాలపు రాతి ఇల్లు. ఎవరో కలప వ్యాపారి సరుకు దాచుకోవడానికి కింద ఒక గది తవ్వించాడు. మండువేసవిలో కూడా చల్లగా ఉంటుందని కనకాంబ గారు అందులో అరిష్టాలు, అంటే పులియబెట్టే మందుల, జాడీలు పెట్టించారు. మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, లోపల మందు నెమ్మదిగా పులిసేదాకా కదపకూడదు. సగంలో కదిపితే అంతా పాడైపోతుంది. ఆ ఏడాది వానాకాలానికి జ్వరాలకీ దగ్గులకీ కావలసిన మందంతా ఆ జాడీల్లోనే ఉంది. ఉత్తరపు గోడ తడిసి, నేల మీద నీళ్లు నిలిచి, ముందు వరస జాడీల అడుగులు అప్పటికే నానుతున్నాయి. ఒకసారి చేయించిన పని మళ్లీ చేయించడానికి వ్యవధి లేదు.

విరూపాక్షం కిందికి దిగి చూశాడు. గోడ మీద చెయ్యి పెడితే తడి తగిలింది. చెమ్మ అని తేల్చేశాడు. వెంటనే అబ్బులు మేస్త్రిని పిలిచి, "గోడ చెమ్మగిల్లింది. ఎంతవుతుంది?" అన్నాడు. అబ్బులు గోడ తట్టి చూసి, "పాతదంతా గీకేసి, మందు కలిపిన సిమెంటు పూసేత్తే సరిపోద్దండి" అని ఒక మొత్తం చెప్పి వెళ్లాడు. అది అంత పెద్దదేమీ కాదు.

మర్నాడు మళ్లీ దిగితే నేల మీద నీళ్లు ఎక్కువగా కనిపించాయి. పైకి చూడకుండా కిందికే చూశాడు గనక, ఇది గోడ జబ్బు కాదు, భూమిలోంచి వస్తున్న ఊట అనిపించింది. నిన్న తప్పుగా పోల్చుకున్నందుకు సిగ్గుపడి, ఈసారి పెద్ద కాంట్రాక్టరు కాశీరాజు గారిని పిలిచి, "ఊట పైకి తన్నుతోందండి, ఎంతవుతుందో చెప్పండి" అన్నాడు. కాశీరాజు గారు గదంతా కొలుచుకుని, నేల మొత్తం తవ్వి, కాంక్రీటు పోసి, మోటారు పెట్టాలన్నారు. ఆయన చెప్పిన మొత్తం అబ్బులు చెప్పినదానికి పదింతలుంది.

విరూపాక్షం ఆ లెక్క విని హడలిపోయాడు. మళ్లీ దిగాడు. ఈసారి దూలం చివర తడి చార కనబడింది. ఇంకేముంది, పైనుంచి కారుతోందన్నమాట! పైకప్పు పనులు చేసే జానీబాషా వచ్చి, "కారుతోంది" అన్న మాట విని, మేడ మీదికెక్కి, వాననీళ్ల గొట్టాలన్నీ మార్చి పైకప్పుకి పూత వెయ్యాలని ఇంకో లెక్క చెప్పాడు. అది ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది.

విరూపాక్షం ఒళ్లు మండిపోయింది. గురువుగారి దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, ఇందులో ఒకడైనా పచ్చి దొంగ. ఒకడు మనల్ని మభ్యపెట్టాడు, లేకపోతే ఇంకొకాయన నిలువునా దోచుకుందామని చూస్తున్నాడు. ఒకటే గది, ఒకటే తడి, మూడు లెక్కలు!" అన్నాడు.

"నువ్వు వాళ్లతో ఏమన్నావు?" అని అడిగారావిడ.

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకరితో చెమ్మ అన్నాను, ఒకరితో ఊట అన్నాను, ఒకరితో కారుతోందన్నాను అని చెబుతున్నంతసేపూ అతనికి అందులో తేడా ఏమీ కనిపించలేదు. రోజురోజుకీ తన బుద్ధి పదునెక్కి, అసలు జబ్బుకి దగ్గరవుతున్నానన్న సంతోషమే కనిపించింది.

కనకాంబ గారు నవ్వలేదు, కోప్పడలేదు. రోగులు కూర్చునే పీట చూపించి, "ఇలా వచ్చి కూర్చో" అన్నారు. అతను కూర్చున్నాడు.

"నీ జబ్బు కాదు, నేలమాళిగ జబ్బు. దానికి నోరు లేదు కాబట్టి దాని తరఫున నువ్వు చెప్పు. ఏమవుతోంది?"

"చెమ్మ..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. "నీళ్లొస్తున్నాయండి."

"ఎప్పుడు ఎక్కువ? పొద్దున్నా, సాయంత్రమా?"

"అది చూడలేదండి."

"వాన పడిన రోజు పెరిగిందా? పడనిరోజు తగ్గిందా?"

"తెలీదండి."

"ముందు ఏ మూల తడుస్తోంది? ఆ నీళ్ల రంగేమిటి, వాసనేమిటి?"

ఇన్నేళ్లుగా అదే పీట మీద కూర్చుని తడబడిన రోగులందర్నీ చూసి లోపల నవ్వుకున్న విరూపాక్షం ఇప్పుడు వాళ్లలో ఒకడైపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ఇంకేమీ అడక్కుండా మందు నూరుకోవడంలో పడ్డారు. అలా అడగడం ఎవరికైనా వస్తుంది. అడిగి ఊరుకోవడం కనకాంబ గారికే చేతనైన విద్య.

మర్నాడు తెల్లారగానే అతను నేలమాళిగలోకి దిగి, జాడీల మధ్య చాప వేసుకు కూర్చున్నాడు. ముందు నేల తుడిచి పొడిగా చేశాడు. పొద్దెక్కినా గోడ మీద కొత్త తడి రాలేదు. ముందు రాత్రి పెద్ద వాన పడింది, అయినా రాలేదు. మధ్యాహ్నం పైకి వెళ్లి, రోజూలాగే కషాయం కాచి, గుండిగలు తోముకుని, నాలుగు మెతుకులు తిని వచ్చేసరికి దూలం చివర చార మెరుస్తోంది. ఆ చార గోడ మీదికి పాకింది. గోడ మీంచి జారి నేల మీద మడుగు కట్టింది. అతను ఆ నీళ్లలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. వగరు తగిలింది. కరక్కాయ వగరు! ఆ పూట తను కాచిన కషాయమే.

ఉత్తరపు గోడకి అవతల, సరిగ్గా ఆ దూలం చివర ఉన్నచోటే, గుండిగలు తోమే చప్టా ఉంది. దాని కింద తూము పగిలింది. రోజూ బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించి, గురువుగారి మందుల మీదికి వరద తెచ్చిపెడుతున్నది మరెవరో కాదు, తనే. విరూపాక్షానికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడు రోజులూ తను చూసిన చెమ్మా నిజమే, మడుగూ నిజమే, చారా నిజమే. అన్నీ ఒక్క నీళ్లే.

ఆ సాయంత్రమే ముగ్గురికీ మళ్లీ కబురు పెట్టాడు. ఈసారి ఎవరికీ పేరు చెప్పలేదు. నీళ్లు పొద్దున రావు, గుండిగలు తోమాక వస్తాయి, వానతో పని లేదు, ముందు ఈ చివర తడుస్తుంది, రుచి ఇలా ఉంటుంది అని, చూసింది చూసినట్టు, ముగ్గురికీ ఒకే మాట చెప్పి పక్కకి తప్పుకున్నాడు. ముగ్గురూ విడివిడిగా చూశారు. ముగ్గురూ విడివిడిగానే చప్టా తవ్వించి తూము మార్చాలనీ, వాలు సరిచెయ్యాలనీ, గోడ బాగా ఆరాకే పూత పూయాలనీ చెప్పారు. లెక్కలు పక్కపక్కన పెడితే, కూలీల భోజనం ఖర్చు దగ్గర తప్ప పెద్ద తేడా లేదు.

విరూపాక్షం ఉండబట్టలేక కాశీరాజు గారిని అడిగేశాడు. "ఏమండీ, మొన్న అంత చెప్పారే?"

"ఆయ్, ఊటని తవఁరే అన్నారు కదండీ!" అన్నారు కాశీరాజు గారు ఆశ్చర్యంగా. "వైద్యులుగారింటి మాట కాదనేదేంటండీ? ఊటకి ఎంతవుద్దో అంతే చెప్పానండి. అందులో ఒక్క రూపాయి ఎక్కువుంటే అడగండి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఊట అన్నందుకు ఊటకి, చెమ్మ అన్నందుకు చెమ్మకి, కారడమన్నందుకు కారడానికి, ఎవరి లెక్క వాళ్లు న్యాయంగానే కట్టారు. అంతటి మనుషుల్ని దొంగలన్నందుకు విరూపాక్షం మనసులోనే ముగ్గురికీ దణ్ణం పెట్టుకున్నాడు. ముందు పిలిచింది అబ్బులునే కనక పని అతనికి అప్పజెప్పాడు. చప్టా తవ్వారు. పగిలిన తూము బయటపడింది. కొత్తది వేసి వాలు సరిచేశాక నేలమాళిగ ఆరింది. ఒక్క జాడీ కూడా కదపవలసిన అవసరం రాలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున విరూపాక్షం గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మొన్న మిమ్మల్ని అడిగినదానికి జవాబు దొరికిందమ్మా. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు" అన్నాడు.

"ముగ్గురి సంగతి సరే నాయనా," అన్నారు కనకాంబ గారు, మందు నూరే కల్వంలో చెయ్యి ఆడిస్తూనే. "నాలుగో మనిషి మాటేమిటి?"

విరూపాక్షం తల దించుకున్నాడు. చూడకుండానే జబ్బుకి పేరు పెట్టేసిన ఆ నాలుగో మనిషి తనే. ఒంటరిగా రోగిని చూసే రోజు తనకింక రాదేమోనని అతనికి నిజంగానే భయం వేసింది.

అంతలో వీధిగుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఎవరో పెద్దాయన అరుగెక్కుతూ అక్కణ్ణుంచే కేక వేశాడు. "అమ్మగారూ, వేడి చేసేసిందండీ! అదొక్కటేనండి, ఇంకేం లేదు!"

కనకాంబ గారు లేవలేదు. తన పక్కనున్న వైద్యుడి పీటని కాలితో మెల్లగా శిష్యుడి వైపు జరిపి, కల్వంలోకే చూస్తూ అన్నారు:

"నాలుగో మనిషి వచ్చాడు. వెళ్లి చూడు."