మాంత్రికుడికి తెలియని సామెత

అనగనగా ఒక రాజు ఉండేవాడు, పిల్లలూ. ముగ్గురు కొడుకులుండీ ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఎందుకంటే, తన స్నేహితుడి కూతురు ముక్తావళి అనే రాజకుమారిని కరాళుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపించి తెస్తానని వెళ్లిన పెద్దకొడుకు తిరిగి రాలేదు. రెండోవాడూ రాలేదు. ఇక మూడోవాడు చిత్రభానుడు ముసలి తాబేలు వీపెక్కి బయలుదేరాడు.

ఒక సముద్రం దాటాడు, అలిసిపోయాడు. ఇంకొకటి దాటాడు, ఇంకా అలిసిపోయాడు. ఏడూ దాటేసరికి వీరత్వం సంగతి దేవుడెరుగు, కాళ్లు చాపుకోవడానికి కాస్త చోటు దొరికితే చాలనిపించింది.

"నాయనా, వాడి ప్రాణం చిలకలో ఉంది. దాన్ని ముట్టుకుంటే బూడిదైపోతావు," అంది తాబేలు రొప్పుతూ. "కానీ వాడికో జబ్బుంది. తనకు తెలియని సామెత ఉందంటే ఓర్చుకోలేడు."

కోట వాకిట్లో అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. చిత్రభానుడికి దుఃఖం ముంచుకొచ్చింది. ఏడ్చే ఓపిక కూడా లేక మెట్టుమీద కూలబడ్డాడు.

"నాకు తెలియని సామెత ఒక్కటి చెప్పు, అందర్నీ వదిలేస్తా," అన్నాడు కరాళుడు, చిలకను భుజాన పెట్టుకుని బయటికొచ్చి. "మీ పెద్దన్న నాకు తెలిసినవే చెప్పి, ఓడిపోయి రాయయ్యాడు. చిన్నన్న సొంతంగా అల్లి చెప్పాడు. జనం నోట నలగని మాటను సామెత అంటే నా చిలక ఊరుకోదు. అది 'కల్ల' అందా, అన్నవాడు ఎవడైనా రాయే!"

చిత్రభానుడు ఆవులించాడు.

"ఇలాంటి అలసట మీద మా అవ్వ ఒక సామెత చెప్పేదండీ. ఎంతకీ గుర్తు రావడం లేదు. మీకు తెలిసే ఉంటుంది లెండి."

కరాళుడికి రోషం వచ్చింది. "ఇదేనా?" అని ఒకటి చెప్పాడు.

"కాదండీ."

"పోనీ, ఇదా?"

"ఊహూఁ."

పొలం సామెతలయ్యాయి. వంటింటి సామెతలయ్యాయి. అత్తాకోడళ్ల సామెతలూ అయిపోయాయి. కరాళుడి గొంతు బొంగురుపోయింది. అయినా తెలియదని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. చివరికి అప్పటికప్పుడు ఒకటి అల్లి, "ఇదే! మా తాత రోజూ అనేవాడు," అన్నాడు.

"కల్ల!" అంది చిలక. పాపం, వినీ వినీ దానికీ విసుగొచ్చేసింది.

కరాళుడు తెరిచిన నోరు తెరిచినట్టే రాయైపోయాడు. వాడి మంత్రాలన్నీ వీగిపోయాయి. అన్నలు ఒళ్లు విరుచుకుంటూ కదిలారు. ముక్తావళి చెర తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. చిలక ఎటో ఎగిరిపోయింది.

అందరూ ఇల్లు చేరాక ముక్తావళికీ చిత్రభానుడికీ ఘనంగా పెళ్లి జరిగింది. పీటల మీద ఆమె మెల్లగా అడిగింది:

"ఇంతకీ మీ అవ్వ చెప్పిన సామెత ఏమిటండీ?"

"అవ్వా? నేను పుట్టకముందే పోయిందట."

ముక్తావళి నవ్వు ఆపుకోలేకపోయింది. చిత్రభానుడు మాత్రం పక్కనే ఉన్న పెద్దన్న భుజం మీద తల వాల్చాడు. ఆ భుజం వెచ్చగా ఉంది. తర్వాత అతను చాలా ఏళ్లు చల్లగా రాజ్యమేలాడనుకోండి. ముందు మాత్రం, తలంబ్రాల బియ్యం నెత్తిమీద ఉండగానే, కంటినిండా నిద్రపోయాడు.