చాపెక్కని పిల్లి

సముద్రానికి దగ్గర్లో మందారపురి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని వజ్రబాహుడనే రాజు ఏలేవాడు. ఖజానా నిండుగా ఉండేది, కోట గట్టిగా ఉండేది, పొలాలు బాగా పండేవి. ఇన్ని ఉన్నా రాజుకు మాత్రం మనశ్శాంతి ఉండేది కాదు. ఎవరికి ఏ కాస్త మంచి జరిగినా ఆయనకు కడుపు మండిపోయేది.

ఆస్థాన గాయకుడి పాటకు సభ చప్పట్లు కొడితే, తనకు రావలసిన చప్పట్లను ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉండేది. ఒక ఏడు విజయదశమి ఊరేగింపులో జనం "ఆహా, ఏమి అందం! ఏమి ఠీవి!" అని కేకలు వేశారు. రాజు మీసం దువ్వుకున్నాడు. తీరా వాళ్లు మెచ్చుకుంటున్నది తనను కాదనీ, తానెక్కిన పట్టపుటేనుగుననీ తెలిసింది. మర్నాడే ఆ ఏనుగును అడవికి తోలించేశాడు. ఆ మరుసటి ఏడు ఊరేగింపుకు బక్కచిక్కిన గుర్రం ఎక్కి వెళ్లాడు. జనం "అయ్యో పాపం, గుర్రం!" అన్నారు. దానికీ ఆయన కుళ్లుకున్నాడు.

ఇలా ఉండగా ఓడ వర్తకులు వచ్చి రాణి హేమాంగికి ఒక పిల్లిని కానుకగా ఇచ్చారు. అది తెల్లగా, మెత్తగా ఉండేది. రాణి దానికి జున్ను అని పేరు పెట్టుకుంది. అప్పట్నుంచి అంతఃపురంలో ఎవరి నోట విన్నా జున్ను మాటే. జున్ను నిద్రపోతోందని చెలికత్తెలు మునివేళ్ల మీద నడిచేవారు. రాజు నిద్రపోయేటప్పుడు మాత్రం పక్క గదిలో రోకళ్లు మోగుతూనే ఉండేవి. రాజు ఇది గమనించాడు. గమనించి మనసులో పెట్టుకున్నాడు.

ఒకనాడు ఆయన కొలువుకు వచ్చేసరికి సింహాసనం మీద, పట్టు దిండుకు సరిగ్గా నడుమ, జున్ను చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది.

"దిగు!" అని గర్జించాడు రాజు.

జున్ను ఒక కన్ను తెరిచింది. గులాబీ రంగు నాలుక కనబడేలా ఆవులించింది. అటు తిరిగి పడుకుంది.

సభికులంతా పెదవులు బిగబట్టారు. పక్క ఆసనం మీదున్న రాణి మాత్రం ఆపుకోలేక పకపకా నవ్వేసింది. రాజుకు గుండెలో ముల్లు దిగినట్టయింది. పెళ్లయిన కొత్తలో తన మాటలకు కూడా ఆమె ఇలాగే నవ్వేది. ఈ మధ్య తానేం చెప్పినా "చిత్తం" అని ఊరుకుంటోంది.

"ఈ పిల్లికి ఒక చాప వేయించండి! ఇకమీదట ఇది అక్కడే కూర్చోవాలి. ఇది రాజాజ్ఞ!" అన్నాడు.

ఎర్రంచు చాప ఒకటి నేయించి సింహాసనం ముందు పరిచారు. జున్ను దాని చుట్టూ తిరిగింది. అంచు వాసన చూసింది. తర్వాత వెళ్లి మంత్రిగారి పాదరక్షల మీద పడుకుంది కానీ చాప మాత్రం ఎక్కలేదు.

"తమరు సెలవిస్తే నేను ఎక్కిస్తాను ప్రభూ" అంటూ సేనాపతి రణభీముడు ముందుకొచ్చాడు. భేరి మోగించమన్నాడు. కత్తి దూసి "కూర్చో!" అని అరిచాడు. జున్ను ఒక్క గెంతు గెంతి ఆయన తలపాగా మీదికీ, అక్కణ్నుంచి పైనున్న దూలం మీదికీ ఎగిరింది. రాజు తలకంటే ఎత్తులో ఎవరూ కూర్చోకూడదని ఆ రాజ్యంలో నియమం. ఆ పూట కొలువంతా జున్ను రాజు నడినెత్తి మీదే తోక ఊపుతూ గడిపింది.

ఆస్థానంలో ముమ్మన అని ఒక చమత్కారి ఉండేవాడు. ఎంత కోపంలో ఉన్నవాణ్నైనా మాటలతో మెత్తబరిచేవాడు. ఆయన తల దించుకుని ఉన్నాడు గానీ భుజాలు కదులుతున్నాయి. రాజు అది చూశాడు.

"ఏం ముమ్మనా, నవ్వుతున్నావా?"

"లేదు ప్రభూ, దగ్గు."

"నీ దగ్గుకు మందు నా దగ్గరుంది. ఈ పిల్లిని చాప మీద కూర్చోబెట్టే పని నీది. చేతకాకపోతే రాజ్యం వదిలి పో."

సభ గతుక్కుమంది. ముమ్మనకు ఆ ఊళ్లోనే ఇల్లూ వాకిలీ, పెళ్లాం పిల్లలూ. ఆయన ముఖంలో నవ్వు మాయమైంది. కాసేపు ఆలోచించి చేతులు జోడించాడు.

"ఆజ్ఞ ఏమిటో మరొక్కసారి సెలవివ్వండి ప్రభూ. నా వల్ల పొరపాటు జరగకూడదు."

"వచ్చే పున్నమికి, నిండు కొలువులో, నేను 'కూర్చో' అనగానే ఈ పిల్లి ఈ చాప మీద కూర్చోవాలి. అంతే!"

"చిత్తం. అందాకా దీని మీద ఎవరూ కేకలు వేయకుండా చూడండి. అది చాలు" అన్నాడు ముమ్మన.

మర్నాటి నుంచి అంతఃపురం వసారాలో ముమ్మన బోధన మొదలైంది. ఎలా చేస్తాడో చూద్దామని రాజు స్తంభం చాటున నక్కి నిలబడేవాడు. దేశాన్నేలే రాజు సొంత ఇంట్లో దొంగలా నిలబడ్డాడంటే ఆయన బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ముమ్మన నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చాప ఎదురుగా పరిచేవాడు. ఏమీ అనేవాడు కాదు. జున్ను తిరిగి తిరిగి వచ్చి, ఎప్పుడో ఒక కాలు చాప మీద పెట్టేది. వెంటనే ముమ్మన నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి ఏదో తీసి దాని ముందు వేసేవాడు. జున్ను కరకరా నమిలేది. వెళ్లిపోతే వెళ్లనిచ్చేవాడు. పట్టి లాగడం గానీ, వీపు మీద చెయ్యి వేసి అదమడం గానీ లేదు. ఒక కాలు అలవాటయ్యాక, నాలుగు కాళ్లూ పెడితేనే పెట్టేవాడు. అదీ అలవాటయ్యాక, కూర్చుంటేనే. ఆ తర్వాత "కూర్చో తల్లీ" అని మెల్లగా అని, చాప మీద వేలితో తట్టి, అది కూర్చుని కాస్త ఓపిక పట్టాకే పెట్టేవాడు.

రాజుకు ఇదంతా చూస్తుంటే ఆశ్చర్యం కలగలేదు. ఒళ్లు మండింది. ఎందుకంటే జున్ను ఇప్పుడు ముమ్మన అడుగుల చప్పుడు వినగానే తోకెత్తుకుని ఎదురెళ్లేది. ఆయన మోకాలికి చెంప రాసేది. పైగా రాణి హేమాంగి కూడా వచ్చి వసారా మెట్టు మీద కూర్చునేది.

"ఇప్పుడేం చేస్తుంది ముమ్మనగారూ?" అని చిన్నపిల్లలా అడిగేది.

"తమరే చూడండి అమ్మా. తొందరపడితే ముందు మనమే ఓపిక నేర్చుకోవాల్సి వస్తుంది" అనేవాడు ముమ్మన.

రాణి నవ్వేది. స్తంభం చాటున రాజు పళ్లు నూరేవాడు. పిల్లి వాడిదైపోయింది, నవ్వు వాడిదైపోయింది, ఇక నాకు మిగిలిందేమిటి, ఈ కిరీటమా అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం వసారాలో ఎవరూ లేని సమయం చూసి రాజు తానే వెళ్లి చాప ముందు నిలబడ్డాడు. జున్ను గోడ వార ఎండ కాచుకుంటోంది.

"కూర్చో" అన్నాడు. గొంతు వీలైనంత తగ్గించే అన్నాడు.

జున్ను లేచి వచ్చింది. అది ఆయన ముఖం చూడలేదు, చేతులు చూసింది. ఆ చేతుల నిండా ఉంగరాలు తప్ప ఇంకేమీ లేవు. వెనక్కి తిరిగి మళ్లీ ఎండలో పడుకుంది.

రాజు అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నేల మీద ముమ్మన సంచిలోంచి జారిపడ్డది ఒకటి కనిపించింది. వంగి తీసి వాసన చూశాడు. వేయించిన ఎండు రొయ్య!

"ఓహో! ఇదా వీడి విద్య! లంచం!" అనుకున్నాడు. ఆ రాత్రి ఆయనకు ఎన్నాళ్లకో కమ్మటి నిద్ర పట్టింది.

పున్నమి వచ్చింది. కొలువు కిటకిటలాడింది. చాప పరిచారు. రాణి ఒళ్లో జున్ను, ఒక మూల ముమ్మన. రాజు సింహాసనం మీద నిటారుగా కూర్చుని భటులకు సైగ చేశాడు.

"ముందు ముమ్మన నడుము వెతకండి."

భటులు సంచి లాగి తెచ్చి ఇచ్చారు. రాజు మూతి విప్పి సభకంతా చూపించాడు. రొయ్యల వాసన గుప్పుమంది.

"చూశారా! ఇతగాడు పిల్లికి విద్య నేర్పలేదు. లంచం అలవాటు చేశాడు. ఇది విధేయత కాదు, తిండియావ. రొయ్య చూపిస్తే ఎవరి మాటైనా వింటుంది!"

ముమ్మన ముఖం వేలాడేసుకుని ముందుకొచ్చాడు. "ఎవరి మాటైనా వింటుందంటారా ప్రభూ?"

"ఎవరి మాటైనా! ఇందులో నీ గొప్పేముంది?"

"అయితే నేను ఓడిపోయాను. ఈ పూటే మూట కట్టుకుంటాను" అని ముమ్మన నాలుగడుగులు వేసి ఆగాడు. "కానీ ఒక్క బెంగ ప్రభూ. నేను వెళ్లిపోయాక ఊళ్లో నోళ్లు ఊరుకోవు. ముమ్మన చెబితే పిల్లి కూర్చుంది, రాజుగారికి మాత్రం ఆ విద్య రాలేదు అంటారు. ఆ మాట తమ చెవిన పడితే నాకు పరదేశంలో అన్నం సహించదు."

రాజు ముఖం ఎర్రబడింది. ముమ్మనకు వచ్చినది తనకు రాదా? ముమ్మనకు లొంగిన పిల్లి తనకు లొంగదా? తటాలున లేచి, సంచి పట్టుకుని సింహాసనం దిగాడు.

"కూర్చో!"

జున్ను రాణి ఒళ్లో మరింత ముడుచుకుంది.

"అంత గట్టిగా కాదు ప్రభూ" అన్నాడు ముమ్మన ఎంతో వినయంగా. "అదీకాక, మెరిసే కిరీటం చూస్తే బెదురుతుంది."

రాజు కిరీటం తీసి సేనాపతి చేతికిచ్చాడు.

"నిలబడితే దానికి తమరు కొండలా కనిపిస్తారు."

రాజు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు నొప్పెట్టి బాసింపట్టు వేశాడు. రాజు నేల మీద కూర్చోవడం ఆ సభ ఎన్నడూ చూడలేదు. ఆయన మాత్రం ఎవరినీ చూడటం లేదు. అరచేతిలో రొయ్య పెట్టుకుని, చాప మీద వేలితో తట్టి, "కూర్చో తల్లీ" అన్నాడు.

జున్ను దిగింది. వచ్చింది. చాప ఎక్కి, ముందు కాళ్లు లోపలికి మడుచుకుని కూర్చుంది. ఆయన అరచేతిలోంచి రొయ్య అందుకుని, తర్వాత ఆ చేతిని గరుకు నాలుకతో నాకింది. రాజుకు ఒళ్లు ఝల్లుమంది. ఇంకొకటి పెట్టాడు. మరొకటి పెట్టాడు. సభ ఉన్న సంగతే మరిచిపోయాడు.

"ప్రభూ, పున్నమి నాడు, నిండు కొలువులో, తమరు 'కూర్చో' అనగానే పిల్లి చాప మీద కూర్చుంది. ఆజ్ఞ అక్షరాలా నెరవేరింది. ఇక నా మూట విప్పుకోవచ్చా?" అని అడిగాడు ముమ్మన.

రాజు ఉలిక్కిపడ్డాడు. "అదెలా? ఇది లంచం కాదూ?"

"లంచమే అనుకుందాం. అప్పుడు సేనాపతిగారి చేతి కంకణం ఏమిటి? మంత్రిగారి మాన్యాలేమిటి? నా ఒంటి మీది శాలువా ఏమిటి? అవన్నీ ఈ పూటే వెనక్కి తీసుకుని, రేపు ఒట్టి మాటతో 'కూర్చోండి' అని ఆజ్ఞాపించండి. ఈ ఆసనాల మీద ఎంతమంది ఉంటారో లెక్కపెడదాం."

సేనాపతి గబుక్కున కంకణం మీద ఉత్తరీయం కప్పుకున్నాడు. మంత్రిగారు పైకప్పు చూడసాగారు.

రాజు ఒక్కొక్క ముఖమే చూశాడు. ఇంతకాలం తన గర్జనకే వీళ్లంతా వంగుతున్నారని అనుకున్నాడు. కోపం రావాలి, వచ్చేదే. కానీ మరో రొయ్య కోసం సంచిలో చెయ్యి పెడితే సంచి ఖాళీగా ఉంది. ఆయన ఖాళీ చేతిని పిల్లికి చూపించాడు, వెళ్లిపోతుందేమోనని భయపడుతూనే. జున్ను ఆ చేతిని చూసింది. చూసి, లేవలేదు. ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

రాణి తన ఆసనం దిగి వచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, రాజు పక్కన నేల మీదే కూర్చుంది.

"కదలకండి, లేస్తుంది" అంది గుసగుసగా. "మీ మీసానికి రొయ్యపొట్టు అంటుకుంది."

ఆ మాటకు రాజుకు నవ్వొచ్చింది. పిల్లి లేస్తుందని మొదట లోలోపలే నవ్వాడు. భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆపుకోలేక పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. రాణి నవ్వింది. సభంతా నవ్వింది.

"ముమ్మనా! పిల్లికి నేర్పినట్టే నేర్పి నన్నూ నేల మీద కూర్చోబెట్టావు. ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"పెద్ద కోరికేమీ లేదు ప్రభూ. కొన్నాళ్లు సెలవిప్పించండి. వేళకు ఇంటికి చేరను, చేరినా ఒళ్లంతా రొయ్యల కంపే. నా ఇల్లాలు ఈ పిల్లి మీద కుళ్లుకుని చస్తోంది. తలుపు తీయడం లేదు."

అసూయ అంటే ఏమిటో ఆ సభలో రాజుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆయన జాలిగా తల ఊపాడు. భాండాగారం నుంచి మేలైన పట్టుచీర, బంగారు గాజులు తెప్పించి పళ్లెంలో పెట్టి ఇచ్చాడు.

"ఇవి మీ ఇల్లాలికి. లంచం కాదు సుమా, బహుమానం."

ముమ్మన పళ్లెం కళ్లకద్దుకున్నాడు.

"బహుమానమైతే ఆవిడ పుచ్చుకోదు ప్రభూ, చాలా కోపంగా ఉంది. లంచమనే పట్టుకెళ్తాను."