గున్నమ్మ సందు

ఊ కొట్టేవాళ్లుంటే చెబుతాను. అనగనగా, ఊళ్లకు సరైన దారులే లేని కాలంలో, ఎడ్లబళ్ల మీద తిరిగే నాటకాల మేళం ఒకటుండేది. అందులో గున్నమ్మ తెరలు కుట్టేది, తెర తాళ్లు లాగేది. మొగుడు పోయాడు. ఉన్నదొక్కతే కూతురు. అమ్మలూ అని పిలుచుకునేది. ఆ పిల్ల రాకుమారుడి వేషం కట్టేది.

మేళం పెద్ద జోగినాయుడిది రాజు వేషం. ఏ ఊళ్లోనైనా ఏదో ఒక గోడ ముందే ఆట. వెనక ఉండే దర్బారు తెరను ఆ గోడకు అతికినట్టు కట్టించేవాడు. ఎడమ పక్క లోపలికెళ్లిన పిల్ల కుడి పక్కనుంచి రావాలంటే, గోడ బయట చుట్టూ పరుగెత్తాలి.

మొదటి ఊళ్లో గున్నమ్మ అడిగింది.

"బాబూ, తెర ఒక్క మూర ముందుకు కడదాం. ఎనకనుంచే పిల్ల దాటిపోతాది."

"మూర పోతే నా దర్బారు పశువుల సాలైపోదేటే?"

రెండో ఊళ్లో, ముళ్లు దిగిన పిల్ల పాదం చూపించి అడిగింది.

"రాకుమారుడికి ముళ్లేటే!" అన్నాడు. అందరూ నవ్వారు.

మూడో ఊళ్లో వాన. గోడ వెనక గట్టులేని బావి. గున్నమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది.

"మూర మూర అని ప్రాణం తీస్తన్నావు. పోయి తాడు పట్టుకో."

పట్టుకుంది.

ఆట మొదలైంది. పిల్ల ఎడమ పక్క లోపలికి పోయింది. "రారా కుమారా" అన్నాడు రాజు. రాలేదు. మళ్లీ పిలిచాడు. రాలేదు. మూడోసారి పిలిచేలోపే గోడ అవతల "అమ్మా" అని కేక.

జనం అదీ ఆటే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

గున్నమ్మ తాడు వదిలేసింది. ముందు తెర దబ్బున పడింది. "ఎవర్తే అది, తాడు వదిలింది!" అని రాజు అరిచాడు.

బావిలో జరీ తలపాగా తేలుతోంది. పిల్ల అడుగున ఉంది.

నాలుగో ఊళ్లో గున్నమ్మ ఎవరినీ అడగలేదు. మోచేత్తో కొలిచి, దర్బారు తెర మూర ముందుకు కట్టింది. ఆ సందులో దీపం పట్టుకుని నిలబడింది. జోగినాయుడు వచ్చి చూశాడు.

"దర్బారు సరిపోయిందా బాబూ?" అంది.

ఆయన కిరీటం తీసి చంకలో పెట్టుకుని, పక్కకు తిరిగి ఆ సందులోంచే దాటాడు.

బతికినన్నాళ్లూ ఆమె చోటు అదే. ఆమె పోయాక దీపం పోయింది, సందు మిగిలింది.

ఇప్పటికీ ఆ వైపు మేళాలు వెనక తెరకూ గోడకూ నడుమ మూరెడు జాగా ఉంచుతాయి. దాన్నే గున్నమ్మ సందు అంటారు. తెర కట్టగానే ఒకరు "గున్నమ్మ సందు వదిలారా?" అనడగాలి. ఇంకొకరు మోచేయి ఆనించి చూసి "వదిలాం" అనాలి. ముందు పిల్లలు దాటుతారు. రాజులు కిరీటం తీసి, ఆ తరవాతే.

మూరెడు జాగా. ఇప్పుడు అందరూ వదులుతున్నారు. అడిగినప్పుడు వదల్లేదు.