పోయిన బొచ్చెచేప తిన్న మేత

ఏడుకొండలు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. గడ్డకట్టించి దాచిన బొచ్చెచేప వీర్యం అది. కరిగించి, అద్దంపలక మీద నీటిచుక్క వేశాడు. నీళ్లు తగలగానే కణాలు లేచి ఈదాలి. ఒక్కటంటే ఒక్కటి తోక ఆడించలేదు. ఆ చేప వీర్యం నింపిన సన్నగొట్టాల్లో ఆఖరి స్ట్రా కూడా పోయింది.

అతనికి ఏడుపొచ్చింది. ఆ మగబొచ్చె వారం కిందటే చచ్చిపోయింది. ఈ చేపపిల్లల హేచరీ యజమాని మస్తాన్ సాయిబు గారు నలభై ఏళ్లుగా కాపాడుకొస్తున్న వంశంలో అదే చివరి మగది. పక్క తొట్టిలో ఆడచేపకి ఇంజక్షన్ పడింది, గుడ్లు జారే వేళయింది. ఈ పూట దాటితే ఆ వంశం లేనట్టే.

"క్యాన్‌లో గడ్డకట్టించే నైట్రోజన్ తగ్గిందేమో సాయిబు గారూ. నా తప్పేం లేదు. దాన్నెంత బాగా మేపానో మీరు చూళ్లేదా? తవుడులో పామాయిలు కలిపి పెడితే దున్నపోతులా తయారైంది. గిన్నెడు వీర్యం ఇచ్చింది!"

బలిసిన చేపను చూసి మురిసిపోవడం మా హేచరీల్లో అందరికీ ఉన్న జబ్బేలెండి, ఈ కథ చెప్తున్న నాతో సహా.

సాయిబు గారు రెండు చిన్న గిన్నెలు తెచ్చి, ఒకదాంట్లో ఆ పామాయిలు, రెండోదాంట్లో చేపనూనె పోసి ఐసుపెట్టెలో పెట్టారు. తర్వాత నైట్రోజన్ క్యాను మూత తీశారు. తెల్లటి పొగ ఇద్దరి కాళ్ల చుట్టూ పాకింది. అడుగునుంచి ఓ పాత స్ట్రా పైకి లాగారు.

"ఎవరిది?"

"దాని తాతది. పోయి పదకొండేళ్లయింది."

కరిగించి పలక మీద పెట్టారు. నీటిచుక్క వేసేముందు వంగి, గొంతు తగ్గించి, "లేరా పెద్దోడా" అన్నారు.

ఏడుకొండలు కన్ను ఆనించాడు. అప్పటిదాకా చచ్చినట్టున్న తెలుపు ఒక్కసారిగా మసిలింది. చీమలపుట్ట కదిపినట్టు వేలకు వేలు. అతను స్టూలు మీంచి వెనక్కి జరిగాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"అమ్మో... ఇది చచ్చిపోయింది కదండీ!"

"చచ్చిందిలే. ముందు గుడ్లు తియ్యి, ఆలస్యమైతే పాడవుతాయి."

మిగతా పాత స్ట్రాలన్నీ కరిగించి గుడ్లలో కలిపారు. గంట గడిచాక చూస్తే గుడ్డులోని చుక్క రెండై, నాలుగై చీలుతోంది. పదకొండేళ్ల కిందట మట్టిలో కలిసిన చేప ఈ మధ్యాహ్నం తండ్రయింది. సంతోషించాలో భయపడాలో ఏడుకొండలుకి తెలియలేదు.

"దానికి మీరేం పెట్టేవారండీ?"

సాయిబు గారు ఐసుపెట్టె వైపు చెయ్యి చూపించారు.

ఏడుకొండలు మూత తీశాడు. చేపనూనె గిన్నె వంచితే వేళ్ల మీదికి జారింది. పామాయిలు గిన్నె బోర్లించాడు. కొవ్వొత్తిలా బిగుసుకుపోయి ఉంది, కదల్లేదు.

మేసిన నూనే వీర్యకణాల్లోకీ చేరిందన్నమాట; అతను ఆ గిన్నెను, ఒక్క కణమూ కదలని ఆ మొదటి పలక పక్కన పెట్టాడు.

క్యానుకి మూత బిగిస్తూ సాయిబు గారు అన్నారు: "అంత చలిలో దానికి తోడెవరురా? తిన్న మేతే."