చప్పుడు చేయని లారీలు

ఇలా దగ్గరికి జరగండర్రా. వెనకాల గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ముందుకొచ్చి బాసింపట్లు వేసుకోండి. గుమ్మంలో నిలబడ్డ పెద్దలు సైతం కూర్చుంటే మరీ మంచిది. ఈ కథలో భయపడాల్సింది పిల్లలకన్నా వాళ్లకే ఎక్కువ.

మాడుగుల దాటి పాడేరు వైపు వెళితే ఘాటీ అనే మలుపుల కొండదారి మొదలయ్యే చోట పైడయ్య మాస్టారని ఒకాయన ఉండేవాడు. ఐటీఐలో ఏళ్ల తరబడి మోటారు మెకానిజం నేర్పి రిటైరయ్యాడు. ఆయనకో అలవాటు ఉంది. ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పడు, పని చెబుతాడు. క్లచ్చి ఎందుకు జారుతుందని అడిగిన కుర్రాడి చేత ఒకసారి నానబెట్టి, పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోయే చింతపిక్కలు వొలిపించాడట. ఆ కుర్రాడు తిట్టుకుంటూ వొలిచాడు గానీ, జన్మలో క్లచ్చి పాఠం మరిచిపోలేదు.

ఆయన శిష్యుల్లో నీలవేణి ఒకతె. అనకాపల్లిలో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న స్టార్టప్పు పెట్టింది. లారీల పొగ తగ్గించడం ఆమె పట్టిన పని. వెళ్లేటప్పుడు సరుకుతో వెళ్లి, వచ్చేటప్పుడు ఖాళీగా డీజిలు తగలేసుకుంటూ వచ్చే బళ్లకు తిరుగు లోడు కుదిర్చేది. ప్రతి లారీలోనూ డ్రైవరుకు ఎదురుగా అరచేయంత పెట్టె ఒకటి బిగించేది. ఇంజను ఎంత జోరుగా తిరిగితే అంత డీజిలు మండినట్టు ఆ పెట్టె లెక్క కడుతుంది. తక్కువ మండితే తెర మీద పచ్చటి ఆకులు మొలుస్తాయి, ఎక్కువ మండితే రాలిపోతాయి. ఆకులు ఎవరికి ఎక్కువుంటే తిరుగు లోడు వాళ్లకే ముందు. తునిదాకా పోయే చదును రోడ్డు మీద ఆ లెక్క చక్కగా సరిపోయింది. పొగ తగ్గింది, డ్రైవర్లూ మురిసిపోయారు. ఈమధ్య పాడేరు ఘాటీలో తిరిగే బళ్లకూ అవే పెట్టెలు బిగించారు. లారీ స్టాండులో ఆకుల మీద సరసాలు కూడా పుట్టాయి. సన్నిబాబు బండి దగ్గర మేకను కట్టేస్తే రెండు పూటలా మేస్తుందని తోటి డ్రైవర్లు వేళాకోళం ఆడేవారు, వాడికన్ని ఆకులు మరి.

ఈ సంగతి విని ఒక పెద్ద రవాణా కంపెనీ కబురు పెట్టింది. కొండలెక్కే తమ లారీలన్నిటికీ ఆ పెట్టెలు బిగిస్తామనీ, సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలనీ. ఆ పొద్దున్నే నీలవేణి మాస్టారి అరుగు మీద వచ్చి కూర్చుంది. మాస్టారు భార్య ఇడ్లీలు పెడితే ముట్టుకోలేదు.

“మంచి పనే చేస్తున్నాను మాస్టారూ. మరి ఈ భయమేమిటి లోపల? ఇది పిరికితనమేనా?”

మాస్టారు కొండవైపు చెవి పెట్టి కూర్చున్నాడు. ఆ అరుగు మీదే కూర్చుని, దిగే బండి ఏ గేరులో దిగుతోందో చప్పుణ్ణి బట్టి చెప్పేవాడాయన.

“ఈమధ్య దిగే లారీల చప్పుడు వినబడ్డం లేదమ్మా,” అన్నాడు చివరికి. “ఎందుకో పైకెళ్లి, ఒక లారీలో కూర్చుని దిగి, చూసి రా.”

నీలవేణి దాన్ని మెచ్చుకోలు అనుకుంది. పొగతో పాటు చప్పుడు కూడా తగ్గిందన్నమాట అని లోలోపల సంతోషించింది. మాస్టారు ఆ సరికే చప్పుడు లేకుండా దిగడం ముప్పని కొందరు డ్రైవర్లతో నోటితో చెప్పి చూశాడు. అందరూ బుద్ధిగా తలలూపి వెళ్లిపోయారు. ఈ పిల్ల కూడా తలూపి వెళ్లిపోతుందని భయపడ్డాడో ఏమో, అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

ఆమె బస్సెక్కి పైకి వెళ్లింది. పాడేరులో ఆవేళ సంత. సన్నిబాబు లారీ పసుపు బస్తాలు నింపుకుని బయల్దేరబోతోంది. కంపెనీ మేడమ్ తన బండి ఎక్కుతానంటే వాడికి పట్టరాని గర్వం. సీటు మీద కొత్త తువ్వాలు పరిచాడు. ఊరు దాటి, పల్లం మొదలవగానే, చూడండి మేడమ్ అన్నట్టు ఆమెవైపు ఒకసారి చూసి గేరు తీసేసి బండిని దానంతటది దొర్లనిచ్చాడు.

ఇంజను అంతవరకూ గొణుగుతున్నదల్లా ఊపిరి బిగబట్టినట్టు అణిగిపోయింది. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు మాత్రం మిగిలాయి. తెర మీద ఆకులు ఒక్కొక్కటే మొలవసాగాయి. అంత హాయైన ప్రయాణం ఆమె ఏ లారీలోనూ చేయలేదు. ఒక మలుపు దాటాక గానీ ఆమెకు అనుమానం రాలేదు, ఇంజను పట్టుకోకపోతే ఇంత బరువును పట్టుకుంటున్నదేమిటా అని. సన్నిబాబు కాలు బ్రేకు మీంచి లేవడం లేదు.

ఘాటీ నడుమ అమ్మవారి పాదాలున్నాయి. దిగే బండి ఏదైనా అక్కడ ఆగాల్సిందే, తాతల నాటి మర్యాద అది. డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకుని, ఒక బీడీ కాల్చుకుని కదిలేవాడు. ఆ కాస్త సేపట్లో కాగిన బ్రేకులు చల్లారేవి. చల్లార్చుకోవడానికి ఆగుతున్నామని ఎవరూ అనుకోలేదు. అమ్మవారి కోసమే ఆగేవారు.

సన్నిబాబు ఆగలేదు. స్టీరింగు మీంచి ఒక చెయ్యెత్తి దణ్ణం పెట్టి ముందుకు పోనిచ్చాడు. ఆగవేమని నీలవేణి అడిగింది.

“ఆగితే మళ్లీ బండి లాగాల మేడమ్. గేరులో దిగినా అంతే, ఇంజను గీపెట్టి ఆకులన్నీ రాలిపోతాయి. లోడు ఎనక్కిపోద్ది. ఇప్పుడీ ఘాటీలో ఎవుడూ ఆగడు.”

ఆమెకు అప్పుడు తెలిసింది. పల్లంలో గేరులో ఉన్న ఇంజను మండదు. చక్రాలు దాన్ని తిప్పుతుంటే అది ఎదురు తిరిగి బండిని పట్టి ఉంచుతుంది. తన పెట్టెకు ఆ తేడా తెలియదు. తిరిగిందంటే మండిందనే అనుకుంటుంది. బండిని కాపాడే పనికి తను శిక్ష వేసింది.  గేరులో వెయ్యి అని చెప్పేలోపే కాలిన రబ్బరు లాంటి వాసన లోపలికి కొట్టింది.

సన్నిబాబు ముఖంలో గర్వం పోయింది. కాలు ఎంత తొక్కినా బ్రేకు మునుపటిలా పట్టడం లేదు. గేరు రాడ్డు పట్టుకుని నెట్టాడు. ఆ వేగంలో పళ్లు కలవక అది కరకరలాడి వెనక్కి తన్నింది. మళ్లీ నెట్టాడు, మళ్లీ తన్నింది. కింది మలుపులో సంతకు వెళ్లి వస్తున్న ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా నడుస్తున్నారు. వాడు హారను మీద చెయ్యి తీయకుండా ఏదో దేవుణ్ణి పిలుస్తున్నాడు.  నీలవేణి కళ్ల ముందు తెర మాత్రం పచ్చపచ్చగా వెలిగిపోతోంది. వాళ్లు చావుకు ఎంత దగ్గరైతే ఆకులు అంత దట్టంగా మొలుస్తున్నాయి.

సన్నిబాబు స్టీరింగును కొండవైపుకు గిర్రున తిప్పేశాడు. చక్రాలు వాననీటి కాలువలోకి దిగాయి. బండి ఒళ్లంతా రాతికి రాసుకుంటూ, ఏడుస్తున్నట్టు కీచుమంటూ పోయి పోయి ఆగింది. బస్తాలు చిట్లి రోడ్డు మీద పసుపు కొమ్ములు దొర్లాయి. ఆడవాళ్లు బుట్టలు వదిలేసి గట్టెక్కారు. ఎవరికీ ఏమీ కాలేదు.

నీలవేణి దిగి నిలబడింది. అంతలో ఒక ఆలోచన వచ్చింది. సంత రోజు. ఈ వెనకాల ఇంకెన్ని బళ్లు దిగుతున్నాయి? అన్నిట్లోనూ తన పెట్టెలే. ఫోను తీసింది. ఆ లోయలో సిగ్నలు లేదు.

ఆమె పైకి పరుగెత్తింది. సన్నిబాబు కుంటుకుంటూ వెనక వచ్చాడు. అమ్మవారి పాదాల ముందు రోడ్డు కాస్త వెడల్పు. అక్కడ ఇద్దరూ చెట్ల కొమ్మలు విరిచి రోడ్డుకు అడ్డంగా పరిచారు. ముందు ప్రమాదముందని లారీవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే గుర్తు అది. పరిచి, నిలబడి, విన్నారు. ఆ ఎదురుచూపు ఎలాంటిదో చెప్పడం కష్టం. దూరంగా ఇంజను రొద వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. ఏమీ వినిపించకపోతే భయం. ఆ వినిపించనిదే ఏ మలుపు చాటున ఎంత వేగంగా వస్తోందో.

ఒక లారీ వచ్చి, కొమ్మలు చూసి, ఆపసోపాలు పడి ఆగింది. ఇంకొకటి ఆగింది. సంగతి విన్న డ్రైవర్లిద్దరూ తిట్టారు. ఇంతకాలం దిగలేదా, ఏమయ్యిందని ఒకడు వెక్కిరించాడు. కాలువలో పడున్న సన్నిబాబు బండి చూసి వచ్చాక వాడే ఇంకో కొమ్మ విరిచి రోడ్డు మీద వేశాడు. సన్నిబాబు అమ్మవారి మెట్టు మీద కూలబడి, ఈ గడప తొక్కి ఎన్నాళ్లయిందోనని తనలో తనే అనుకున్నాడు.

అప్పుడు మూడోది వచ్చింది. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ బండి గౌరీశుది, కట్టెల లోడు. నీలవేణి చేతులు రెండూ ఎత్తి రోడ్డు మధ్యకు వెళ్లింది. సన్నిబాబు ఆమె రెక్క పట్టి వెనక్కి లాగకపోతే ఇవాళ ఈ కథ వేరుగా ఉండేది. లారీ కొమ్మల్ని తొక్కుకుంటూ వెళ్లిపోయింది. గాజు వెనక గౌరీశు నోరు తెరిచి ఉంది, కేక మాత్రం వినబడలేదు. మలుపు తిరిగి కనుమరుగైంది. అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. కింద నుంచి ఏ చప్పుడూ రాలేదు. రాకపోవడం మంచికో చెడ్డకో ఎవరికీ తెలియలేదు.

ఆగిన లారీల్లో ఒకదాని పెట్టెను నీలవేణి వైరుతో సహా పీకి పక్కన పడేసింది. ఆ బండెక్కి దిగారు, ఇంజను ఘోషిస్తుంటే నత్తలా. ప్రతి మలుపులోనూ ఆమె కిటికీలోంచి వంగి లోయలోకి చూసేది. విరిగిన కొమ్మ కనిపిస్తే కళ్లు మూసుకునేది. మళ్లీ తెరిచి చూసేది.  ఆ దారి ఆమెకు ఒక జన్మంత పొడుగనిపించింది.

గౌరీశు లారీ ఘాటీ మొదట్లో ఉంది. రోడ్డు పనులకు పోసిన ఇసక గుట్టలోకి ముక్కు దాకా దూరి ఉంది. గౌరీశు నేల మీద కూర్చున్నాడు. విరిగిన చేతిని ఎవరో తువ్వాలుతో మెడకు కట్టారు. నీలవేణిని చూడగానే లేవబోయాడు. ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూలబడింది. ఏం అంటాడో, ఏం తిడతాడో, ఏం తిట్టినా పడదామని తలొంచుకుంది.

“మేడమ్, నా ఆకులు లెక్కలో పడ్డాయాండి?” అన్నాడు వాడు.

వాణ్ణి ఆసుపత్రికి పంపేదాకా ఆమె ఏడవలేదు. ఘాటీ కింద సిగ్నలు ఉంది. ముందు ఆఫీసుకు ఫోను చేసి, ఏ ఊళ్లో ఏ బండిలోనూ ఆకులు కనబడకుండా అన్నీ తుడిచేయమంది. ఇకమీదట తిరుగు లోడు వంతుల వారీగా ఇమ్మంది. తర్వాత ఆ పెద్ద కంపెనీ మనిషితో మాట్లాడింది. జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. చిన్న సవరణే కదా, సంతకాలయ్యాక చేసుకోవచ్చన్నాడు. ఆ పెట్టెకు పల్లమేదో తెలిసేదాకా, దాంతో ప్రతి ఘాటీ తను స్వయంగా దిగి చూసేదాకా ఇవ్వనంది. అయితే మరొకర్ని చూసుకుంటామని ఆయన మర్యాదగానే ఫోను పెట్టేశాడు. దాంతో ఆ బేరం పోయింది.

మాస్టారు రోడ్డు పక్కన నిలబడే ఉన్నాడు. ఆమె ఘాటీ ఎక్కిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాడనీ, భోజనానికి పిలిచినా రాలేదనీ ఆయన భార్య దెప్పింది. నీలవేణిని చూసి ఆయన దగ్గరికొచ్చి ఆమె భుజమ్మీది రాతిపొడి దులిపాడు. 

ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. ఈ పని మాననని చెప్పింది. పొగ ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు చేయాల్సిందేననీ, మళ్లీ మొదటి నుంచి చేస్తాననీ అంది. చెప్పి, గొంతు తగ్గించింది.

“పొద్దుటికన్నా ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది మాస్టారూ. ఇది పోయే దారి ఏదైనా ఉందా?”

కొండ మీంచి ఒక లారీ దిగుతోంది, రెండో గేరులో, మూలుగుతూ. పైడయ్య మాస్టారు అది పూర్తిగా దిగేదాకా విన్నాడు.

“లేకేం,” అన్నాడు. “బ్రేకులు పీకేసిన బండికి ఆగే బాధ ఉండదు.”

అంతేనర్రా. ఆ మాట మీద ఇంకేమీ అడక్కండి, ఆయనా ఇంకేమీ చెప్పలేదు. లేవండి, పొయ్యి మీద కూర మీకోసం కాచుకుని ఉంటుంది. ఇళ్లకు పోయి కడుపునిండా తినండి.