సముద్రం తగ్గితే మంచిదేగా!

పరాంకుశంగారికి కూర్చుని ప్రశ్న వినే అలవాటు లేదు. ఎవరేమడిగినా "పద, నడుద్దాం" అంటారు. నడిపించి నడిపించి, జవాబు చెప్పకుండానే ఇంటికి పంపేస్తారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పార్కులో, వచ్చేపోయేవాళ్ళకు సునామీ గురించి చెప్పేవాళ్ళందరికీ ఆయనే గురువు. శిష్యురాలు దమయంతికి మాత్రం ఆ నడకంటే ఒళ్ళుమంట.

ఆరోజు ఆమె పని మానేస్తానని చెప్పడానికే వచ్చింది.

"విని తలలూపుతారు గురువుగారూ. ఊపి, తిన్నగా నీళ్ళలోకే పోతారు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గితే ఏం చేస్తారని మధ్యాహ్నం అడిగాను. 'తగ్గితే మంచిదేగా!' అందొకావిడ. అందరూ నవ్వారు. ఇక నేనెందుకు చెప్పాలి?"

సునామీ వచ్చిన ఏడు దమయంతి చెల్లెలు అలా తగ్గిన సముద్రం వెనకాలే గవ్వలేరుకుంటూ వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆ సంగతి ఆమె పార్కులో ఎవరికీ చెప్పదు. చెబితే జనం జాలిపడతారు తప్ప జాగ్రత్తపడరని ఆమె బాధ.

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఉప్పుగాలికి ఎండ పలచబడింది. సరుగుడు తోపు జోకొడుతున్నట్టు హోరుమంటోంది. పోటు తగ్గే పాటు వేళ కావడంతో నీళ్ళు మెల్లమెల్లగా దూరం జరిగాయి. తడి ఇసకలో ఆకాశం పడుకుని ఉంటే, దాని మీద మనుషులు నిద్రలో నడిచినట్టు నడుస్తున్నారు. అది రోజూ తీసే పాటేనని, భయం లేదని దమయంతికి తెలుసు. తెలిసినా అక్కడ గవ్వలేరే పిల్లలవైపు చూడలేకపోయింది.

తోపు నీడలో, గంగమ్మకు మొక్కు చెల్లించడానికి పోతున్నవాళ్ళు కాసేపు ఆగారు. పసుపు పూసిన పొట్టేలు, మెడలో వేపమండలు, వదులుగా తాడు. ఆ పక్కనే "మంచిదేగా" అన్న సూరీడమ్మ జంతికలు తింటోంది. ఆమె మనవరాలు ఒక జంతిక పట్టుకుని పొట్టేలు ఎదుటికి పోయింది. పొట్టేలు తల దించి, మెల్లగా వెనక్కి జరిగింది.

"మామ్మా, బయపడిపోనాది!" అని పిల్ల చప్పట్లు కొట్టింది.

సూరీడమ్మ తలెత్తి చూసింది. అంతే, ఒక్క ఉదుటున పిల్లను చంకనేసుకుని ఇసకదిబ్బ మీదికి పరుగు లంకించుకుంది. పొట్టేలు గుద్దిన గుద్దుకు చెత్తడబ్బా పల్టీలు కొట్టింది.

దమయంతి వెనకే దిబ్బెక్కింది. వెటకారం ఆపుకోలేకపోయింది. "అదేంటి పెద్దమ్మా, పొట్టేలు తగ్గిందిగా! తగ్గితే మంచిదేగా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పొట్టేలు తగ్గేది పొడవడానికి గానీ పోడానికేటి..." అంటూనే సూరీడమ్మ ఆగిపోయింది. ఆమె చూపు దూరంగా జరిగిన నీళ్ళ మీదికి పోయింది.

"ఇది రోజూ తీసే పాటే పెద్దమ్మా, భయం లేదు" అంది దమయంతి, జాలేసి.

"మరి నువ్వు చెప్పినట్టు ఉన్నపళంగా తగ్గిందనుకో," సూరీడమ్మ పిల్లను చంక దించకుండానే అడిగింది, "ఎంత ఎత్తుకి పోవాల తల్లీ?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. దమయంతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. దూరంగా కనబడే కొండను చూపించి, దారి చెప్పింది. ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

దిబ్బ దిగి దమయంతి గురువుగారితో పాటు గేటువైపు నడిచింది. "జ్వరం తగ్గింది, వరద తగ్గింది, కోపం తగ్గింది... ఆ మాట మనకెప్పుడూ మంచికబురే. మా చెల్లి కూడా అలాగే అనుకుందేమో" అంది. అక్కడ ఇంకో బస్సు ఆగి, జనం బిలబిలమంటూ దిగుతున్నారు. "ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పా గురువుగారూ?"

"తప్పెందుకమ్మా? ఆవిడకి పొట్టేలు చుట్టం," అన్నారు పరాంకుశంగారు. "సముద్రాన్నే ఇంకా ఎవరూ పరిచయం చెయ్యలేదు."