ద్రుష్కాకు మూలం

ముసురు పట్టి మల్లభూపాలుడి వేట ఆగిపోయింది. ఏమీ తోచక ఆ రాజు కొత్త శాసనం చేశాడు: ధాతువు చూపలేని మాట ఆస్థాన కవిత్వంలో ఉండకూడదు.

మొదటి వేటు కవయిత్రి నాగసాని మీద పడింది. ఆమె వానాకాలం పద్యంలో 'ముసురు' ఉంది.

"ముసురుకు మూలం లేదు," అన్నాడు ఆస్థాన వ్యాకరణ పండితుడు విశ్వపతి సోమయాజి. "లోకంలో ఏ మాటకైనా నేను మూలం చెప్పగలను. నాకు దొరకలేదంటే అది మాటే కాదు."

"మరి బయట పడుతున్నదేమిటండీ?" అంది నాగసాని.

"అపశబ్దం."

ఆమెను కొలువు నుంచి తీసేయడానికి రాజు ముద్ర అందుకున్నాడు. అప్పుడు చిట్టెన లేచాడు. రాజు హాస్యానికి పెట్టుకున్న మనిషి, సభలో ఎవరినీ నవ్వకుండా కూర్చోనివ్వడు.

"ప్రభూ, ఒక్క పరీక్ష. సోమయాజులవారు నెగ్గితే నాగసానితో పాటు నేనూ వెళ్ళిపోతాను."

రాజు సరేనన్నాడు. చిట్టెన సత్రంలో దిగిన వర్తకుణ్ణి పిలిపించాడు. పేరు యాన్. ఉత్తరాన చలిదేశపు సోర్బు జాతివాడు.

"సోమయాజులవారూ, ద్రుష్కా అనేది వీరి మాట. అర్థం మంచు. మూలం సెలవివ్వండి."

సోమయాజి తడుముకోలేదు.

"ద్రు ధాతువు. ద్రవించేది ద్రుష్కా. స్త్రీలింగం. మన మాటే, దారిలో కాస్త చలి చేసింది."

చిట్టెన నాలుక కరుచుకున్నాడు. "పొరబడ్డాను. మంచు కాదు, వడగాలి."

"నేనూ అక్కడికే వస్తున్నాను. ద్రు అంటే పరుగెత్తడం కూడా. పరుగెత్తేది గాలి. లింగం మారదు."

సభ చప్పట్లు కొట్టింది. నాగసాని తాటాకులు కట్ట కట్టుకుంది.

"చిట్టెనా, నువ్వూ మూట సర్దుకో," అన్నాడు రాజు.

"సర్దుకుంటాను ప్రభూ. ముందు ద్రుష్కా అంటే ఏమిటో ఆ వర్తకుణ్ణే అడగండి."

యాన్ వచ్చీరాని తెలుగులో వాకిలి వైపు చెయ్యి చూపాడు. "నా కంచరగాడిద పేరు అండి. నేనే పెట్టాను. పాపం, ముసురులో తడుస్తోంది."

చిట్టెన వాకిట్లోకి తొంగిచూసి వచ్చాడు.

"ప్రభూ, మంచు గడ్డి అడుగుతోంది. వడగాలి నలుగురు తోసినా కదలడం లేదు. లింగం మాత్రం సోమయాజులవారు సరిగ్గానే చెప్పారు."

ముందు నాగసాని నవ్వింది. తరవాత రాజు నవ్వాడు కాబట్టి సభంతా నవ్వింది.

శాసనం రద్దయింది. నాగసానికి శాలువా, చిట్టెనకు రాజు వేలి ఉంగరం దక్కాయి. ద్రుష్కాను ఏనుగుల సాలలో కట్టెయ్యమని రాజు ఆజ్ఞ ఇచ్చి, దాన్ని సోమయాజి చేతే రాయించాడు.

'ముసురు తగ్గేదాకా' అని.